బస్తా కన్నా తేలికైన మనిషి

బరువు తగ్గించటంలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. మనుషుల బరువు కాదు, మిరపకాయల బరువు. మా మార్కెట్ యార్డులో నేను కాటా గుమస్తాని. రైతు ఇంటి దగ్గర నలభై అయిదు కేజీలు తూగిన టిక్కీ నా కాటా ఎక్కేసరికి నలభై మూడుకి దిగుతుంది. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. దాని చేత నేను నడక చేయించను, పరగడుపున నిమ్మకాయ నీళ్ళు తాగించను. కాటా బల్ల అంచు కింద ఎడమ మోకాలు ఆనిస్తాను, అంతే. ఏడో తరగతితో బడి మానేసినవాడికే ఈ మాత్రం వైద్యం తెలిస్తే, పెద్ద చదువులు చదివి పై ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి ఎంత తెలియాలి? ఎంత తెలుసో పోయిన చలికాలం మా యార్డంతా చూసింది.

డిసెంబరు మొదటి వారంలో సర్క్యులర్ వచ్చింది. పై ఆఫీసులో ఎవరో పెద్దాయనకి షుగరుందని తేలిందట. మామూలు మనిషికి షుగరొస్తే ఇంట్లో పంచదార డబ్బా దాచేస్తారు. పెద్దాయనకి వస్తే ఆయన కింద ఉన్న యార్డులన్నీ ఒళ్ళు తగ్గాలి. ఆ పథకానికి "ఆరోగ్య యార్డు" అని పేరు పెట్టారు. ఫిబ్రవరిలో మిర్చి సీజను మొదలయ్యే లోపల ప్రతి యార్డూ తన సిబ్బంది, హమాలీల బరువు తలకి పది శాతం చొప్పున తగ్గించి చూపించాలి. బాగా తగ్గించిన యార్డుకి షీల్డు ఇస్తారు.

మా కార్యదర్శి చక్రధరరావుగారు మూడేళ్ళుగా పట్నానికి బదిలీ అడుగుతున్నారు. షీల్డు తెచ్చినవాడికి బదిలీ వస్తుందని ఆయన నమ్మకం. అందుకని సర్క్యులర్ చదివిన గంటలోనే ఆయనకి ఆరోగ్యం మీద ప్రేమ పుట్టింది. అప్పటికి ఆయన బరువు నూట నాలుగు కేజీలు.

మా ఊరి ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ షమీమ్ గారిని పిలిపించి, వేలంపాట జరిగే షెడ్డులో అందరికీ సలహాలు చెప్పించారు. ఆ అమ్మాయి మంచిది. మైకు పక్కన పెట్టి మామూలుగా మాట్లాడింది. అన్నం ఒక ముద్ద తగ్గించి కూర ఒక గరిటె పెంచమంది. రోజూ అరగంట నడవమంది. టీలు రెండు చాలు, పంచదార సగం చాలు అంది. రాత్రి ఎనిమిది లోపల తినేయమంది, కంటి నిండా నిద్రపొమ్మంది. ఒకేసారి ఎండబెట్టినట్టు తగ్గొద్దు, నెలకి ఒకటి రెండు కేజీలు చాలు అంది. చివర్న, ఇదంతా ఒళ్ళున్నవాళ్ళకి, బక్కగా ఉన్నవాళ్ళు ఇంకో ముద్ద ఎక్కువే తినాలి అని కూడా చెప్పి, మొత్తం ఒక చీటీ మీద రాసిచ్చింది.

ఆ చీటీని ఆఫీసులో టైపు చేయించారు. ఆదేశం ఏదైనా ఒక్క పేజీ దాటకూడదని మా కార్యదర్శిగారి పాత ఆదేశం ఒకటుంది. డాక్టరమ్మ చెప్పిన చివరి రెండు మాటలూ రెండో పేజీలో పడ్డాయి. కనుక అవి రద్దయ్యాయి.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఆరోగ్యం వేలాడింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి, లైసెన్సు పొందిన హమాలీలకు తెలియజేయడమేమనగా" అని మొదలై, "అరగంట నడక విధిగా నడవవలెను" దాకా వెళ్ళింది.

హమాలీలు వెళ్ళి అడిగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీపు మీద బస్తాతో నడిచేది నడక కాదా అని. కార్యదర్శిగారు శాంతంగా వివరించారు. బస్తాతో నడిచేది విధి నిర్వహణ. బస్తా లేకుండా నడిచేది వ్యాయామం. ఒకే అడుగుని రెండు పద్దుల కింద చూపిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అంచేత పొద్దుటే డెబ్భై మంది హమాలీలు బస్తాలు మోయబోయే ముందు వట్టి చేతుల్తో యార్డు చుట్టూ అరగంట తిరిగేవాళ్ళు. ఆఫీసు వాళ్ళకి మాత్రం ఫైలు పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళటం వ్యాయామం కిందే వచ్చింది, ఎందుకంటే అందులో విధి నిర్వహణ ఏమీ లేదని అందరికీ తెలుసు.

అసలు తంటా ప్రొఫార్మాతో వచ్చింది. ప్రతి మనిషి బరువూ నమోదు చేసి పంపమన్నారు గానీ, ఏ ఫారం మీద పంపాలో సర్క్యులర్‌లో లేదు. మా ఆఫీసులో బరువులు రాసే ఫారం ఒక్కటే, సరుకు ఫారం. రకం, తేమ శాతం, తాలు, తరుగు, నికర బరువు అని అందులో గడులుంటాయి. తాలు అంటే తెల్లబారి పనికిరాకుండా పోయిన కాయ. తరుగంటే ఈ వంకా ఆ వంకా చెప్పి తూకంలో కోసేది. గుమస్తా ఒకాయన మనుషులకి వేరే ఫారం వేయిద్దామన్నాడు. కొత్త ఫారానికి పై ఆఫీసు అనుమతి రావాలంటే ఏడాది పడుతుంది, ఈలోపు మనుషులు మామూలుగా పెరిగిపోతారు అన్నారు కార్యదర్శిగారు. మనుషులు తూగే కాటా కూడా లేదు కాబట్టి నా కాటాయే గతి.

మొదట ఆయనే ఎక్కారు. నూట నాలుగు. బట్టలు, బెల్టు, ఫోను, తాళాల గుత్తి కలిపి గోతాం తరుగు కింద రెండు కేజీలు తీసేశారు. ఆయనకి చెమట ఎక్కువ, అందుచేత తేమ తరుగు ఆరున్నర. తాలు గడి దగ్గర ఆయన కాసేపు ఆలోచించారు. మనిషిలో పనికిరాని భాగం ఎంత అని అడుగుతోంది ఫారం. గోళ్ళు, జుట్టు వగైరా అని రెండు కేజీలు రాసుకున్నారు. నేనైతే ఎక్కువే రాసేవాణ్ణి, నన్నెవరూ అడగలేదు. నికర బరువు తొంభై మూడున్నర. కాటా దిగకముందే పది శాతం తగ్గిన మొదటి అధికారిగా సంతకం పెట్టేశారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

తర్వాత హమాలీలు. ఏసోబు వంతు వచ్చింది.

ఏసోబుకి యాభై దాటాయి. నూట పద్దెనిమిదో నంబరు బిళ్ళ. బిళ్ళ అంటే హమాలీ చొక్కాకి తగిలించుకునే ఇత్తడి గుర్తు. అది లేకపోతే సీజన్లో గేటు లోపలికి రానివ్వరు, ఏటా సీజనుకి ముందు కొత్తగా రాయించుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ బిళ్ళే ఆయనకి పొలం, ఇల్లు, అన్నం. యార్డులో ఆయనకో పేరుంది. బస్తా వీపు మీద పడగానే బరువు చెప్పేస్తాడు, అర కేజీ కూడా తేడా రాదు. నా కాటా ఎంత చెప్పినా, ఆయన నావంక చూసి నవ్వి ఊరుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఆ నవ్వు తప్ప ఒక్క మాట అనలేదు.

కాటా నలభై తొమ్మిది చూపించింది. ఒంటి మీద లుంగీ, భుజాన గోనెపట్టా. గోతాం తరుగుకి ఏమీ లేదు. అప్పటికే నలభై బస్తాలు దించి ఉన్నాడు, చెమటంతా పోయి ఎండుకాయలా ఉన్నాడు, తేమ లేదు. తాలు సంగతి కార్యదర్శిగారే చేత్తో తడిమి చూశారు. ఎముక, నరం తప్ప మరొకటి తగల్లేదు.

"మేలు రకం," అన్నారాయన మెచ్చుకుంటూ. "తరుగుకి అవకాశమే లేదు."

కాబట్టి నలభై తొమ్మిదీ నికరమే. పది శాతం పోను లక్ష్యం నలభై నాలుగు. లక్ష్యం చేరని హమాలీకి ఈ ఏడు బిళ్ళ రాయకూడదని ఆదేశం.

ఏసోబు కాటా దిగి నా పక్కన నిలబడ్డాడు. "అయిదు కేజీలు ఎక్కడ్నించి తియ్యమంటావు కోటన్నా," అన్నాడు. "చెయ్యా, కాలా?"

నా దగ్గర బస్తాలకే వైద్యం.

తేమ గడి వల్ల ఇంకో ముచ్చట జరిగింది. మిర్చికి పదకొండు శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. మనిషి ఒంట్లో నీరెంత అని ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసి అడిగితే, డాక్టరమ్మ సుమారు అరవై శాతం అంది పాపం, ఎందుకడుగుతున్నారో తెలియక. సిబ్బందిలో నలభై తొమ్మిది శాతం తేమ అధికంగా ఉన్నట్టు కార్యదర్శిగారు నోటు రాసుకున్నారు. సరుకులో తేమ ఎక్కువుంటే ఏం చేస్తాం, ఆరబెడతాం. పన్నెండు నుంచి రెండింటి దాకా ఆఫీసు సిబ్బంది, కాయలు ఆరబోసే ఎండు గచ్చు మీద పడుకోవాలి. అరగంటకోసారి తిరగేయాలి. తిరగేసే బాధ్యత వాచ్‌మన్‌కి అప్పగించారు. హమాలీలకి మినహాయింపు, వాళ్ళు ఎటూ ఎండలోనే ఉంటారు గనక.

ఒక రోజు పక్క జిల్లా వ్యాపారి ఒకాయన వచ్చి, గచ్చు మీద వరసగా బోర్లా పడుకున్న గుమస్తాల్ని చూసి, ఇదేం రకమని వాచ్‌మన్‌ని అడిగాడు. ఆఫీసు రకమండీ, ఎన్నాళ్ళైనా నిలవుంటది, ఘాటు మాత్రం ఉండదు అన్నాడు వాచ్‌మన్.

ఈ సంగతి విని డాక్టరమ్మ స్కూటరు మీద పరిగెత్తుకొచ్చింది. మనిషిలో నీరు తీసేస్తే మనిషి పోతాడని చెప్పింది. ఫారమే తప్పని చెప్పింది. కార్యదర్శిగారు ఆమెకి మజ్జిగ ఇప్పించి, ఫారం ఖరారై పై ఆఫీసుకి వెళ్ళిపోయిందనీ, ఇప్పుడు శరీరాలే ఫారానికి తగ్గట్టు సర్దుకోవాలనీ సెలవిచ్చారు. ఆమె చాలాసేపు వాదించాక, ఆమె గౌరవార్థం రెండు గంటల్ని గంటన్నరకి తగ్గించారు.

అటు ఏసోబు తగ్గుతున్నాడు. పొద్దున్న తినటం మానేశాడు. తర్వాత రాత్రి మానేశాడు. యార్డు క్యాంటీన్లో కొర్రలు, అరికలు తప్ప మరేం వండకూడదని ఆదేశం ఉన్నా, అక్కడ వంటచేసే తులశమ్మ వెనకవైపు ఎర్రగా కారం కలిపిన అన్నం ముద్దలు దాచి పెట్టేది. పిలిచినా పోలేదు. నలభై ఏడు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఇక తియ్యటానికి ఒంట్లో ఏమీ లేదు. రోజూ పొద్దున నా కాటా ఎక్కి, అంకె చూసి, దిగి, అరగంట నడక నడిచి, బస్తాల దగ్గరికి వెళ్ళేవాడు.

జనవరి మూడో వారంలో, గోదాం మెట్లెక్కుతూ బస్తాతో సహా పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు, మోచెయ్యి చీరుకుంది. కానీ పైకి లేవలేకపోయాడు. డాక్టరమ్మ వచ్చి సెలైన్ పెట్టింది. పెట్టినంతసేపూ మమ్మల్నందర్నీ తిట్టింది. ఏసోబునీ తిట్టింది. ఆయన కళ్ళు మూసుకునే, "బిళ్ళ రాయించుకున్నాక తింటానమ్మా, సీజనంతా తింటా," అన్నాడు.

ఆ కోపంలోనే ఆమె కార్యదర్శిగారికి ఒక కాగితం రాసింది. ఏ మనిషీ తన ఒంటి బరువుకి మించిన బరువు ఎత్తకూడదు, ఎత్తితే వెన్నుపూస దెబ్బ తింటుంది అని. ఆమె ఉద్దేశం మంచిదే. బక్కవాణ్ణి ఇంకా బక్కచేస్తే బస్తా ఎత్తలేడు, యార్డు నడవదు, అప్పుడైనా బుద్ధొస్తుంది అనుకుంది. ఆఫీసులతో ఆమెకి అనుభవం తక్కువ. కార్యదర్శిగారు ఆ కాగితాన్ని ఎంతో ఆనందంగా అందుకుని, అది ఒక్క పేజీలో ఉండటం వల్ల, ఉన్నదున్నట్టు ఆదేశంగా జారీ చేశారు. తన బరువుకు మించిన దేనినీ యార్డు పరిధిలో ఏ వ్యక్తీ ఎత్తరాదు. అతిక్రమించినచో బిళ్ళ రద్దు.

ఏసోబుకి నేనే చదివి వినిపించాను. ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. బిళ్ళ కావాలంటే నలభై నాలుగు ఉండాలి. టిక్కీ నలభై అయిదు. దాన్ని ఎత్తాలంటే నలభై అయిదుకి తగ్గకుండా ఉండాలి.

"అంటే, పని ఇయ్యాలంటే తగ్గాలి. పని చెయ్యాలంటే పెరగాలి."

అంతేనన్నాను.

"రెండూ ఒకే మనిషికా అన్నా?"

ఆ మాటకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు అని రాస్తే అబద్ధం. బాగానే పట్టింది. కానీ మర్నాడు ఆఖరి తూకంలో, ఏసోబు కాటా ఎక్కినప్పుడు, నా ఎడమ మోకాలు దానంతటదే బల్ల కింద దూరింది. ఇరవై రెండేళ్ళు రైతుల బస్తాల మీద నేర్చుకున్న విద్య అది. నలభై ఏడు మెల్లగా దిగి నలభై నాలుగు దగ్గర ఆగింది. ఏసోబు అంకె చూశాడు, నన్ను చూశాడు. ఈసారి నవ్వలేదు. నెల్లాళ్ళ తర్వాత మొదటిసారి తులశమ్మ దగ్గరికి వెళ్ళి రెండు ముద్దలు తిన్నాడు. సీజను మొదలయ్యేనాటికి, వారంలో, తిరిగి నలభై తొమ్మిదికి వచ్చేశాడు. కాగితం మీద మాత్రం నలభై నాలుగే.

ఇక మిగిలింది రెండో ఆదేశం. నలభై నాలుగు కేజీల మనిషి నలభై అయిదు కేజీల బస్తా ఎత్తకూడదు. డెబ్భై మందిలో ఇరవై ఆరుగురు ఇలా బస్తా కన్నా తేలికైపోయారు. కార్యదర్శిగారు మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు వెలిగిపోతూ నన్ను పిలిపించారు. మనిషిని పెంచితే షీల్డు పోతుంది. కాబట్టి బస్తాని తగ్గిద్దాం. బస్తా మాత్రం యార్డు కుటుంబంలో సభ్యురాలు కాదా, దానికి ఆరోగ్యం అక్కర్లేదా అన్నారు. నలభై అయిదు తూగిన ప్రతి టిక్కీనీ పది శాతం తగ్గించి రాయాలి. నలభైన్నర వస్తుంది. ఆ అర కేజీ తరుగు. నలభై.

బస్తాలోంచి కాయ తీసేస్తామా అని అడిగాను.

"తూకం మాత్రమే తగ్గిస్తాం. సరుకు జోలికి పోం," అన్నారాయన. "ఇక మీ మోకాలికి కూడా విశ్రాంతి."

నా మోకాలి సంగతి ఆయనకి తెలుసు. ఎవరికి తెలియదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం సీజను తెరిచారు. పై ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టరుగారు షీల్డు కారులో పెట్టుకుని వచ్చారు. షెడ్డులో నా కాటా పక్కనే కుర్చీలు వేశారు. ఒక పళ్ళెంలో కొత్తగా నంబర్లు తోమిన బిళ్ళలు పెట్టారు. మొదటి బస్తా తూగగానే ఆయన చేతుల మీదుగా బిళ్ళలు, ఆ తర్వాత షీల్డు. కార్యదర్శిగారు ఉపన్యాసంలో మా యార్డు బరువు మొత్తం మీద నాలుగున్నర క్వింటాళ్ళు తగ్గిందని చెప్పారు. ఎక్కడికి పోయిందో చెప్పలేదు.

మొదటి ట్రాక్టరు ఆదెమ్మ అనే రైతుది. పన్నెండు టిక్కీలు. ఏసోబు మొదటి టిక్కీ దించి కాటా మీద పెట్టాడు. నలభై అయిదు. నేను ఆదేశం ప్రకారం నలభై అని రాసి పైకి చదివాను. ఏసోబు బస్తా మళ్ళీ వీపుకెత్తుకున్నాడు.

"నలభై ఏందయ్యా," అంది ఆదెమ్మ. "ఊళ్ళో తూయించుకొచ్చా. నలభై అయిదు."

నేను చెప్పాను. ఆరోగ్య పథకమమ్మా, మోసేవాళ్ళ వెన్నుపూస కోసం బస్తాల బరువు కూడా తగ్గిస్తున్నాం అని. ఆమె మొత్తం విన్నది. చదువుకోని మనిషి కాబట్టి శ్రద్ధగా విన్నది.

"నా కాయకి కొవ్వెక్కడిది నాయనా? కొవ్వున్నోళ్ళు కుర్చీల్లో కూసున్నారు గదా. ఆడ తీసుకోండి."

కార్యదర్శిగారు లేచి, రైతుసోదరి అపోహ పడుతున్నారనీ, ఈ తగ్గింపు విశాల ప్రజాహితం దృష్ట్యా జరిగిందనీ, సరుకు పరిమాణంలో ఎటువంటి మార్పూ లేదనీ వివరించారు. ఆమె ఆయన వైపు చూడలేదు. బస్తాతో వంగి నిలబడ్డ ఏసోబు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, కాటా మాట అటుంచు. మోసేవాడివి నువ్వు. నీ వీపు చెప్పిద్దంట గదా, మా ఊళ్ళో కూడా చెప్పుకుంటారు. నలభయ్యా, నలభై అయిదా?"

పళ్ళెంలో నూట పద్దెనిమిదో నంబరు అందరికీ కనపడుతూనే ఉంది. నలభై అంటే ఆ బిళ్ళ ఆయనది. నలభై అయిదంటే, తన బరువుకి మించింది ఎత్తాడు, బిళ్ళ రద్దు. కార్యదర్శిగారు కళ్ళతో నలభై, నలభై అని చెబుతున్నారు. నేను కూడా అదే అనమని మనసులో అనుకున్నాను, ఏసోబు కోసమే కాదు, నా కోసం కూడా.

ఏసోబు వీపు మీద బస్తా సర్దుకున్నాడు.

"నోటితో చెప్తే నోటిమాటంటారమ్మా," అన్నాడు. బస్తా వీపు మీద ఉండగానే కాటా ఎక్కి నిలబడ్డాడు.

నా మోకాలు బల్ల దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ధైర్యం అనుకోకండి, పది కేజీలు మోసే శక్తి దానికి లేదు. అంకె ఆగగానే, ఎవరూ అడక్కుండానే పైకి చదివాను. తొంభై నాలుగు.

జాయింట్ డైరెక్టరుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. రెండు రిజిస్టర్లూ తెప్పించారు. మనిషి నలభై నాలుగు, బస్తా నలభై. ఎనభై నాలుగు. కాటా చూశారు. తొంభై నాలుగు.

"ఈ పది కిలోలు ఎవరివి?" అన్నారు.

బస్తా కింద నుంచి ఏసోబే చెప్పాడు. "అయిదు నాయి సార్. అయిదు ఆమెయి."

ఆయన పెద్ద అధికారి. కంగారు పడలేదు. మనిషి రిజిస్టరు మీద కార్యదర్శి సంతకం ఉంది. సరుకు రిజిస్టరు మీద కార్యదర్శి సంతకం ఉంది. రెండూ తప్పు కావటానికి వీల్లేదు. అక్కడ సంతకం లేనిది కాటా ఒక్కటే. కనుక ఈ యంత్రము పది కిలోల అధిక బరువుతో బాధపడుచున్నదని నిర్ధారించి, లక్క తెప్పించి, ఆయనే స్వయంగా సీలు వేశారు. చికిత్స నిమిత్తం పట్నం పంపమన్నారు.

కాటా జబ్బుదైపోయింది కాబట్టి, దాని మీద తూగిన మనుషుల బరువులు వివాదంలో పడ్డాయి. వివాదంలో ఉన్నంతకాలం పాత పరిస్థితే కొనసాగాలని రూలు. అందుకని డెబ్భై బిళ్ళలూ పాత జాబితా ప్రకారం ఇచ్చేశారు. నూట పద్దెనిమిది ఏసోబు చేతిలో పెడుతూ, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. తూకం వేసే సాధనం లేనప్పుడు బస్తాని ప్రమాణం ప్రకారం నలభై అయిదుగా తీసుకోవాలని ఇంకో పాత రూలుంది. ఆదెమ్మ పన్నెండు టిక్కీలూ ఆ లెక్కనే అమ్ముడుపోయాయి. షీల్డు మాత్రం కార్యదర్శిగారికే ఇచ్చారు, కాటా సిబ్బంది జాబితాలో లేదు గనక దాని ఒళ్ళు లెక్కలోకి రాదు. కాటా ఆరోగ్యం పట్ల అశ్రద్ధ వహించినందుకు నాకు మెమో ఇచ్చి గేటు దగ్గరికి మార్చారు.

పదకొండు రోజులు యార్డులో కాటా లేదు. ఆ పదకొండు రోజులూ చుట్టుపక్కల మూడు యార్డుల సరుకు మాకే వచ్చింది, గేటు బయట ట్రాక్టర్లు కిలోమీటరు వరస. ఆరోగ్య పథకం వల్ల రాబడి మూడింతలైందని కార్యదర్శిగారు పై ఆఫీసుకి రాశారు.

పన్నెండో రోజు కాటా నయమై లారీలో వచ్చింది. గేటు బయట క్రేనుతో దించి లారీ వెళ్ళిపోయింది. లోపలికి చేర్చమని కార్యదర్శిగారు హమాలీలకి కబురు పెట్టారు. ఏసోబు వచ్చాడు. మొహం కాస్త నిండింది. కాటా చుట్టూ ఒకసారి తిరిగి, పక్కన కొట్టిన రేకు మీద బరువెంతుందో నన్ను చదవమన్నాడు. తొంభై ఎనిమిది కేజీలు.

"ఎత్తకూడదు సార్," అన్నాడు కార్యదర్శిగారితో. "మీ ఆదేశం ఇంకా బోర్డు మీదే ఉంది. మాలో డెబ్భై కేజీలు దాటినోడు లేడు."

ఇద్దరు పట్టమన్నారు. ఇద్దరు కలిసి ఎత్తటం గురించి ఆదేశంలో లేదన్నాడు ఏసోబు. మిగతా హమాలీలు వెనక నిలబడి అవునవునన్నారు. ఇప్పుడే రద్దు చేస్తానన్నారు కార్యదర్శిగారు. అదే ఆదేశాన్ని ఆయన షీల్డు దరఖాస్తులో మొదటి విజయంగా రాసి పంపారు, దాన్ని రద్దు చేస్తే షీల్డు ప్రశ్నార్థకం అవుతుందని గుమస్తా చెవిలో చెప్పాడు.

ఏసోబు ఇంకా వినయంగా నిలబడే ఉన్నాడు. "యార్డు మొత్తంలో దీన్ని ఎత్తగలిగినోరు తమరొక్కరే సార్. కానీ తమరు తొంభై మూడున్నర అని రాసుకున్నారు."

కార్యదర్శిగారు వివరణ కోరుతూ పై ఆఫీసుకి లేఖ రాశారు. జవాబు ఇంకా రాలేదు. కాటా గేటు బయట పట్టా కింద ఉంది. లోపల బస్తాలు నలభై అయిదు లెక్కన దిగుతున్నాయి. రాత్రిళ్ళు మంచుకి తడవకుండా పట్టా సరిగ్గా కప్పటం నా డ్యూటీ. అప్పుడప్పుడూ మర్చిపోతుంటాను.